కండరక్షీణతను ఇంటిగుట్టుగా దాచకండి

ఈ వ్యాసంలో ముందుగా నా తప్పును చెప్పుకుంటాను. ఇతరులను ప్రశ్నించే అర్హత ఆ తరువాతే వస్తుంది.

అది 1986వ సంవత్సరం. దివిసీమ ఉప్పెన జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళు కావస్తున్నది. కృష్ణా డెల్టాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఒకనాటి ఉదయం ఒక మేనమామ తన అయిదేళ్ళ మేనల్లుడిని వెంటబెట్టుకుని వచ్చాడు. "పిక్కలు చూడండి డాక్టరుగారూ, పహిల్వానుకు ఉన్నట్టున్నాయి. కాని పరుగెత్తలేడండి. చదునైన నేలమీద కూడా ఊరికే పడిపోతుంటాడు" అన్నాడు. నేను మోకాళ్ళమీద సుత్తితో కొట్టి చూశాను. పోలియో తగిలి తగ్గి ఉంటుందని అనుకున్నాను. కాల్షియం, ఇనుము ఉన్న టానిక్కు వ్రాసి, ఆముదంతో మర్దన చేయమని చెప్పి పంపించాను. పిల్లవాడిని నేలమీద కూర్చోబెట్టి, "లే నాయనా" అని ఒక్కసారి చెప్పి చూసి ఉంటే నాకు జబ్బు తెలిసి ఉండేది. ఆ పని నేను చేయలేదు.

రెండేళ్ళ తరువాత పెద్ద ఆసుపత్రిలో జబ్బు పేరు తేలింది. అది డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ. మనవాళ్ళు కండరక్షీణత అంటున్న వ్యాధులలో అన్నిటికన్నా తీవ్రమైనది. ఆ కుటుంబం కాగితాలు పట్టుకుని మళ్ళీ నా దగ్గరకు వచ్చింది. తాతగారు నా చేతులు పట్టుకుని, "బాబూ, ఇంకా ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు కావాలి. ఈ మాట బయటకు పొక్కనివ్వకండి" అన్నారు. నేను పొక్కనివ్వలేదు. రోగి రహస్యం కాపాడడం వైద్యుని ధర్మమే. అయితే ఆ ఇద్దరు ఆడపిల్లలకైనా విషయం చెప్పవలసినదని ఆ పెద్దాయనకు నచ్చజెప్పడం కూడా నా ధర్మమే. అది నేను నెరవేర్చలేదు.

పదేళ్ళ తరువాత, మరొక ఊరిలో, ఒక తల్లి తన కొడుకును తీసుకుని నా గదిలోకి వచ్చింది. నేను ఆమెను గుర్తుపట్టలేదు. పిల్లవాడి పిక్కలు చూడగానే జబ్బును మాత్రం గుర్తుపట్టాను. "మా అక్క కొడుకు కూడా ఇలాగే నడిచేవాడండి" అన్నదామె. ఆ తరువాత నా ముఖంలోకి చూసి, "ఇది మాకు వచ్చే జబ్బని మీకు అప్పుడే తెలుసా అండీ?" అని అడిగింది.

నా వద్ద సమాధానం లేకపోయింది. ఉద్యోగ విరమణ చేసి, బందరు పక్కనున్న మా గూడూరు చేరి ఏళ్ళు గడిచినా ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా ఇస్తున్న సమాధానం. నా వాదన ఇది: ఈ వ్యాధి ఒక ఇంట్లో మొదటి బిడ్డకు రావడంలో ఎవరి దోషమూ లేదు. అదే వంశంలో తెలియజేయదగిన సమయం ఉండి కూడా తెలియజేయక, రెండవ బిడ్డకు, మూడవ బిడ్డకు వచ్చినప్పుడు మాత్రం దోషం మనది. మనమంటే దాచిన కుటుంబం, గుర్తించని వైద్యుడు, ఏర్పాటు చేయని ప్రభుత్వం.

జబ్బు స్వరూపం

కండరకణానికి పలుచని పొర ఒకటి ఉంటుంది. కండరం ముడుచుకున్న ప్రతిసారీ ఆ పొరమీద లాగుడు పడుతుంది. లోపలి పోగులను పొరతో బిగించి ఉంచి, ఆ లాగుడుకు పొర చిరగకుండా కాపాడే మాంసకృత్తి పేరు డిస్ట్రోఫిన్. మన ప్రాంతం వారికి కాలువ గట్టు ఉదాహరణగా చెబితే సులభంగా తెలుస్తుంది. గడ్డి పట్టిన గట్టు నీటి ఒరవడిని తట్టుకుంటుంది. గడ్డి లేని గట్టు నీరు వదిలినప్పుడల్లా కొంత కోసుకుపోతుంది. మొదట్లో రైతు గండ్లు పూడ్చుకుంటూ వస్తాడు. శరీరం కూడా చిన్న వయస్సులో చిరిగిన కండరాన్ని బాగుచేసుకుంటూనే ఉంటుంది. కొన్నేళ్ళకు ఆ శక్తి ఉడిగిపోతుంది. చచ్చిన కండరం ఉన్నచోట క్రొవ్వు, నారకణజాలం పేరుకుంటాయి. పిక్కలు లావుగా కనిపించడానికి ముఖ్యకారణం ఇదే. మేనమామ మురిసిపోయిన ఆ పిక్కబలం నిజానికి బలం పోయిన చోటు.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెరియన్ అనే వైద్యుడు 1850ల ప్రారంభంలోనే ఒకే కుటుంబపు మగపిల్లలలో ఈ వ్యాధిని వర్ణించాడు. ఫ్రాన్సులో గియోం డుషెన్ 1860లలో దీనిని విస్తారంగా పరిశోధించినందున ఆయన పేరే స్థిరపడింది. 1879లో విలియం గోవర్స్ ఈ పిల్లలు నేలమీద నుండి లేచే తీరును వివరించాడు. పిల్లవాడు ముందు బోర్లా తిరుగుతాడు. చేతులు, కాళ్ళు నేలమీద ఆనించి నడుము పైకెత్తుతాడు. ఆ తరువాత ఒక్కొక్క చేతిని మోకాలిమీద, తొడమీద ఆనించుకుంటూ, తన ఒంటిమీద తానే ఎగబాకుతున్నట్టుగా లేస్తాడు. దీనిని చూడడానికి యంత్రం అక్కరలేదు, పట్నం వెళ్ళనక్కరలేదు. అంగన్‌వాడీ కార్యకర్త కూడా చూడగలదు. నేను చూడలేదు.

ఈ మాంసకృత్తి ఏదో 1987 వరకు లోకానికి తెలియదు. ఆ సంవత్సరం అమెరికాలో లూయీ కుంకెల్, ఎరిక్ హాఫ్‌మన్ బృందం దానిని కనుగొని డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టింది. దానిని తయారుచేయించే జన్యువు ఎక్స్ క్రోమోసోముమీద ఉన్నది. మానవ జన్యువులలో అతి పొడవైన వాటిలో ఇది ఒకటి. 79 అధ్యాయాలున్న గ్రంథం వంటిది. అంత పెద్ద గ్రంథాన్ని మరల మరల నకలు తీయడంలో పుటలు జారిపోయే అవకాశం ఎక్కువ. పుటలు జారినా మిగిలిన కథ అర్థవంతంగా సాగితే, పొట్టిదైనా పనికివచ్చే మాంసకృత్తి తయారవుతుంది. అప్పుడు వచ్చేది కొంత నెమ్మదైన బెకర్ రకం. కథ పూర్తిగా తెగిపోతే వచ్చేది డుషెన్ రకం.

డుషెన్ రకం సుమారు 3,500 నుండి 5,000 మంది మగశిశువులలో ఒకరికి వస్తుంది. నడక ఆలస్యం కావడం, కొందరిలో మాటలు ఆలస్యం కావడం, మునివేళ్ళమీద నడవడం, మెట్లు ఎక్కలేకపోవడం, నడుము ముందుకు వంచి బాతులా ఊగుతూ నడవడం రెండు నుండి అయిదేళ్ళ లోపు కనిపించే లక్షణాలు. చికిత్స లేకపోతే పన్నెండేళ్ళ ప్రాంతానికి చక్రాల కుర్చీ అవసరమవుతుంది. ఆ తరువాత ఊపిరి తీయించే కండరాలు, గుండె కండరం దెబ్బతింటాయి.

ఎవరి నుండి ఎవరికి వస్తుంది?

ఇక్కడ మన సమాజంలో అపోహలు ఎక్కువ గనుక జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను.

ఆడవారికి ఎక్స్ క్రోమోసోములు రెండు. ఒకదానిమీద జన్యువు చెడినా రెండవది పని నడిపిస్తుంది. అందువలన ఆమె సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. మగవానికి ఎక్స్ ఒక్కటే. అది చెడితే ఆదుకునే రెండవది లేదు. చెడిన జన్యువును మోస్తున్న తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ వ్యాధి వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ తల్లివలె వాహకురాలయ్యే అవకాశం సగం. ఇది ప్రతి కాన్పుకూ వర్తించే లెక్క. మొదటి కొడుక్కి వచ్చింది గనుక రెండవవాడికి రాదనుకోవడం పొరపాటు.

మొదటి అపోహ మేనరికం. "మేనరికం చేశారు, అందుకే వచ్చింది" అని డుషెన్ ఉన్న ఇంట్లో ఇరుగుపొరుగు వారు అంటుంటారు. కొందరు వైద్యులు కూడా అంటారు. అది తప్పు. డుషెన్ తల్లి ఎక్స్ క్రోమోసోము ద్వారా కొడుకుకు వస్తుంది. తండ్రి మేనబావ అయినా, ముక్కూమొహం తెలియని పరాయివాడైనా ఆ కొడుకు విషయంలో లెక్క మారదు. మేనరికం కాదు గదా అని ధైర్యపడడం కూడా అందువలన తప్పే.

మేనరికంతో ముడిపడినవి వేరే రకాలు ఉన్నాయి. భుజాలు, తుంటి భాగాల కండరాలను క్షీణింపజేసే లింబ్ గర్డిల్ రకాలలో అనేకం, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు చెడిన జన్యువులు కలిసినప్పుడే వస్తాయి. ఇవి ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తాయి. ఒకే పూర్వీకుని సంతతి అయిన దంపతులలో ఒకే లోపం కలిసే అవకాశం పెరుగుతుంది. దగ్గరి సంబంధాల వివాహాలలో మన దక్షిణాది రాష్ట్రాలే దేశంలో ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. మేనరికం లేకున్నా తరతరాలుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకోవడం వలన కూడా అరుదైన లోపాలు పేరుకుంటాయని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వివరించారు. ఇవి కాక తల్లిదండ్రులలో ఒక్కరి నుండే సగం అవకాశంతో వచ్చే రకాలు కూడా ఉన్నాయి. పట్టిన పిడికిలి వెంటనే విడవలేకపోయే మయోటానిక్ రకం అటువంటిదే. అది తరం మారేకొద్దీ మరింత చిన్న వయస్సులో బయటపడవచ్చు. అందుచేత కండరక్షీణత అన్న మాట ఒక్కటే సరిపోదు. ఏ రకమో తేలనిదే కుటుంబానికి సరియైన సలహా చెప్పడం ఎవరి తరమూ కాదు.

రెండవ అపోహ, నిజానికి అపోహకన్నా క్రూరమైనది, కోడలిని దోషిని చేయడం. "మీ పుట్టింటి జబ్బు మా ఇంటికి తెచ్చావు" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. అయ్యా, జన్యువును ఎవరూ ఎంచుకుని తెచ్చుకోరు. పైగా ఈ పిల్లలలో సుమారు మూడవవంతు మందికి లోపం తల్లి నుండి రానేరాదు, కొత్తగా పుడుతుంది. చివరి సంవత్సరాలలో భారత పౌరుడై మన దేశంలోనే కన్నుమూసిన శాస్త్రవేత్త హాల్డేన్, హీమోఫీలియా విషయంలో 1935లోనే ఇటువంటి లెక్క వేశాడు. అంటే ప్రతి తల్లీ వాహకురాలు కాదు. పరీక్ష చేయించకుండా నింద వేసేవారు మానవత్వాన్నే కాదు, శాస్త్రాన్ని కూడా కాలరాస్తున్నారు.

దాచేవారితో నా వాదన

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నారు పెద్దలు. విభీషణుడు గుట్టు చెప్పినందుకు లంక చెడింది. ఈ వ్యాధి విషయంలో గుట్టు చెప్పనందుకే ఇల్లు చెడుతున్నది.

హీమోఫీలియా కూడా ఇదే పద్ధతిలో తల్లి నుండి కొడుకుకు వచ్చే వ్యాధి. ఇంగ్లండు రాణి విక్టోరియా దాని వాహకురాలు. ఆమె కుమార్తెల ద్వారా ఐరోపా రాజవంశాలకు అది ప్రాకింది. రష్యా యువరాజు అలెక్సీ ఆమె మునిమనవడు. అతని జబ్బును జార్ కుటుంబం ప్రజలకు తెలియకుండా దాచింది. దాచిన చోటికి రాస్‌పుటిన్ వంటివాడు ప్రవేశించాడు. రహస్యం ఉన్న ఇంటి తలుపు తట్టడం మాయగాళ్ళకు చాలా సులభం. చక్రవర్తికే తప్పలేదు, మనమెంత?

దాచేవారి వాదన నాకు తెలియనిది కాదు. "చెబితే మా అమ్మాయిలకు పెళ్ళిళ్ళు కావు" అంటారు. ఈ భయం అబద్ధమని నేను అనను. మన సమాజంలో నడుస్తున్నదే అది. కాని ఒక్క క్షణం ఆలోచించండి. బిడ్డ తల్లికి లోపం ఉన్నదో లేదో తేలితే, ఆమె చెల్లెళ్ళు ఆ లోపాన్ని మోస్తున్నారో లేదో రక్తపరీక్షతో నిర్ధారించవచ్చు. తల్లికి లోపం తన తల్లి నుండి వచ్చి ఉంటే, చెల్లెలు వాహకురాలు అయ్యే అవకాశం సగం, కాకపోయే అవకాశం కూడా సగమే. అంటే మీరు దాచినందువలన, ఏ లోపమూ లేని అమ్మాయికి కూడా ఆ నిశ్చింత దక్కకుండా చేస్తున్నారు. లోపం ఉన్న అమ్మాయి విషయానికి వస్తే, ఆమె రోగి కాదు. ఆమె పెళ్ళి చేసుకోవచ్చు, ఆరోగ్యవంతులైన పిల్లలను కనవచ్చు. గర్భం దాల్చిన పదకొండు వారాల తరువాత మాయ నుండి నమూనా తీసిగాని, పదిహేను వారాలు దాటాక ఉమ్మనీరు తీసిగాని శిశువుకు వ్యాధి ఉన్నదో లేదో చెప్పగల పరీక్షలు ఉన్నాయి. కుటుంబంలోని జన్యులోపం ముందుగానే తెలిసి ఉంటేనే ఈ పరీక్ష సకాలంలో జరుగుతుంది. ఆడ, మగ తెలుసుకోవడం నేరం కదా అని కొందరు జంకుతారు. కుటుంబ పెద్దల కోరికపై లింగ నిర్ధారణ చేయడం నేరమే. అయితే 1994 నాటి ఆ చట్టమే, లింగసంబంధ జన్యువ్యాధులను కనుగొనడానికి గుర్తింపు పొందిన కేంద్రాలలో పరీక్షను అనుమతించింది. ఆపై ఏమి చేయాలన్నది ఆ దంపతుల నిర్ణయం. అత్తమామలదీ కాదు, నాదీ కాదు. కాని నిర్ణయించుకునే హక్కు ఉండాలంటే ముందు విషయం తెలియాలి.

మరొక సంగతి. వాహకురాలైన స్త్రీలలో కొందరికి నడివయస్సులో గుండె కండరం బలహీనపడవచ్చు. వారికి కొన్నేళ్ళకొకసారి గుండె పరీక్ష అవసరం. మీరు దాచింది ఆమె కొడుకు సంగతినే కాదు, ఆమె గుండె సంగతిని కూడా.

"చికిత్స లేని జబ్బుకు పరీక్ష ఎందుకు?"

ఇది నా వృత్తిసోదరుల నుండి నేను ఎక్కువగా విన్న ప్రశ్న. చదువుకున్నవారి నోట వచ్చినంత మాత్రాన అది తెలివైన ప్రశ్న అయిపోదు.

పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదన్నది నిజం. చేయగలిగింది ఏమీ లేదన్నది అబద్ధం. సకాలంలో మొదలుపెట్టిన స్టీరాయిడ్లు నడిచే కాలాన్ని కొన్నేళ్ళు పొడిగిస్తాయి, వెన్ను వంకరపోవడాన్ని తగ్గిస్తాయి. వాటికి బరువు పెరగడం, ఎముకలు పలచబడడం, శుక్లాలు వంటి దుష్ఫలితాలు ఉన్నాయి గనుక నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. వాడుతున్నవారు వాటిని ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. పదేళ్ళ వయస్సు వచ్చేసరికి, లక్షణాలు లేకపోయినా, గుండెను కాపాడే మందులు మొదలుపెట్టడం నేడు అంగీకృతమైన పద్ధతి. మడమ వెనుక నరం బిగుసుకోకుండా రోజూ సాగదీయించడం, రాత్రిపూట కాళ్ళకు బద్దలు వేయడం, టీకాలు వేయించడం, అవసరమైనప్పుడు రాత్రివేళ ఊపిరికి యంత్రసాయం ఇవ్వడం, వీటన్నిటివలన ఒకప్పుడు ఇరవై ఏళ్ళు నిండకుండానే రాలిపోయిన బిడ్డలు నేడు మంచి సంరక్షణ దొరికిన చోట ముప్పై ఏళ్ళు దాటి జీవిస్తున్నారు. చదువుకుంటున్నారు, కంప్యూటరుపై ఉద్యోగాలు చేస్తున్నారు.

జబ్బు పేరు తెలియకపోతే కలిగే హాని కూడా చూడండి. ఈ బిడ్డకు ఏ చిన్న శస్త్రచికిత్సకో మత్తు ఇవ్వవలసి వచ్చినప్పుడు, సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడితే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. మత్తు వైద్యునికి ముందుగా చెప్పవలసిన జబ్బును దాచడమంటే పిల్లవాడిని తెలిసి తెలిసి ప్రమాదంలోకి నెట్టడమే.

ఇక నా వృత్తిసోదరులకు ఒక ప్రత్యేక విన్నపం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయనగానే కాలేయం చెడిందని నిర్ణయించకండి. ఆ రెండు ఎంజైములు కండరంలో కూడా ఉంటాయి. కామెర్లు లేకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఇవి మాత్రం పెరిగిన మగపిల్లవాడికి కాలేయం ముక్క తీసే ముందు క్రియాటిన్ కైనేజ్, అంటే సీకే పరీక్ష ఒక్కటి చేయించండి. మామూలుగా లీటరుకు రెండు వందల యూనిట్లకు అటూఇటూ ఉండేది డుషెన్‌లో వేలకు చేరుతుంది, పుట్టినప్పటి నుండీ పెరిగే ఉంటుంది. ఇది ఖరీదైన పరీక్ష కాదు. కాలేయపు జబ్బని నెలల తరబడి మందులు మింగించి, ఉప్పూకారం లేని పథ్యం పెట్టించి, చివరకు కండరాల జబ్బని తేలిన బిడ్డలను నేను చూశాను. సీకే పెరిగితే తరువాతి మెట్టు జన్యుపరీక్ష. కండరం ముక్క కోసే అవసరం ఇప్పుడు చాలామందికి లేదు. తల్లి విషయంలో మాత్రం సీకే మామూలుగా ఉన్నంత మాత్రాన వాహకురాలు కాదని చెప్పకండి. అది జన్యుపరీక్షతోనే తేలాలి. తల్లి రక్తంలో లోపం కనిపించకపోయినా, ఆమె అండాలలో కొన్నిటిలో ఉండే అవకాశం కొద్దిగా ఉన్నది గనుక తరువాతి కాన్పులో పరీక్ష అవసరమని చెప్పండి.

ఆశను అమ్మేవారు

మన వైపు బిడ్డ కాళ్ళు తడబడితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి మొక్కుకుంటారు. మొక్కుకోండి. ఆ నమ్మకంతో నాకు తగవు లేదు. మొక్కు తీర్చుకోవడం కోసం పరీక్షను వాయిదా వేయకండి, అంతే. నా తగవు ఆశను తూకం వేసి అమ్మేవారితో. మూలకణాలు ఎక్కిస్తే కండరం తిరిగి వస్తుందని ప్రకటనలు ఇచ్చి లక్షలు గుంజేవారు ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులు మొదలైన వాటికి చేసే మూలుగ మార్పిడి తప్ప, మిగిలిన మూలకణ ప్రయోగాలు చికిత్సగా అమ్మదగినవి కావు. అనుమతి పొందిన పరిశోధనలో రోగి నుండి డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటేనే అనుమానించండి.

అమెరికాలో 2023లో అనుమతి పొందిన జన్యుచికిత్స గురించి మీరు పత్రికలలో చదివే ఉంటారు. దాని ధర 32 లక్షల డాలర్లు. అది పొట్టి డిస్ట్రోఫిన్‌ను తయారుచేయించే ప్రయత్నమే తప్ప పోయిన కండరాన్ని తెచ్చేది కాదు. 2025లో దానిని తీసుకున్న, నడక కోల్పోయిన ఇద్దరు పిల్లలు కాలేయం విఫలమై మరణించారు. శాస్త్రం ముందుకు పోతున్నది, సందేహం లేదు. కాని ఆ మందు కోసం ఇల్లూ పొలం అమ్మడానికి సిద్ధపడే తండ్రికి ఈ నిజాలు చెప్పని వైద్యుడు అతనికి మేలు చేయడం లేదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కండరక్షీణతను పేరు పెట్టి గుర్తించింది. నలభై శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న బిడ్డకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. తీవ్రమైన కండరక్షీణత ఉన్నవారికి మన రాష్ట్రంలో 2024 నుండి నెలకు 15,000 రూపాయల పింఛను అందుతున్నది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో డుషెన్ పేరు ఉన్నది. ఆ మరుసటి ఏడు సహాయ పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు. ఆ విధానం క్రింద మనకు దగ్గరి కేంద్రం హైదరాబాదులోని నిమ్స్, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి.

అయినా ఒక్క మాట అడుగుతాను. బిడ్డ మంచానికి అంటుకున్నాక ఇచ్చే పింఛను మీద చూపిన శ్రద్ధలో కొంతైనా, బిడ్డ తూలుతూ నడుస్తున్నప్పుడు చేసే పరీక్ష మీద ఎందుకు చూపరు? పడిపోతున్న బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి ఘంటసాల నుండో, నాగాయలంక నుండో హైదరాబాదుకు ఎన్నిసార్లు వెళ్ళగలదు? 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. అక్కడ నెలకు ఒక్కనాడు జన్యువైద్య సలహా శిబిరం పెట్టడం అసాధ్యమా? ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో సీకే పరీక్ష ఉచితంగా చేయడం అంత భారమా? 2013 నుండి పాఠశాలలకు, అంగన్‌వాడీలకు తిరుగుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రతి మగపిల్లవాడినీ ఒక్కసారి నేలమీద కూర్చోబెట్టి లేవమంటే పట్టేది అర నిమిషం. వీటన్నిటికన్నా ముఖ్యం, వ్యాధి తేలిన ప్రతి కుటుంబంలో తల్లి తరపు ఆడవారికి, వారి సమ్మతితో, సలహా అందేలా చూడడం. పింఛను ఇచ్చే కార్యాలయానికి ఆ బిడ్డ చిరునామా తెలుసు. అతని పిన్నమ్మ చిరునామా ఎవరికీ పట్టదు.

పాఠశాలల సంగతి కూడా చెప్పాలి. నడవలేని పిల్లవాడి తరగతిని మేడమీద నుండి క్రింది గదికి మార్చడానికి జీవో అవసరం లేదు. ప్రధానోపాధ్యాయుని మనస్సు చాలు.

చివరిగా

మీ ఇంట్లో మగపిల్లవాడు తరచు పడిపోతున్నా, తొడలమీద చేతులు ఆనించుకుని లేస్తున్నా, పిక్కలు లావుగా ఉండి పరుగు రాకపోయినా, సీకే పరీక్ష వ్రాయమని వైద్యుని మీరే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మీ వంశంలో ఇటువంటి బిడ్డ ఒకప్పుడు ఉండి గతించి ఉంటే, ఆ బిడ్డ తల్లి అక్కచెల్లెళ్ళకు, ఆడబిడ్డలకు, వారి కూతుళ్ళకు ఈ మాట చెప్పండి. ఆ బిడ్డ పాత కాగితాలు పారవేయకండి. అవే మరొక బిడ్డకు దారి చూపించవచ్చు.

1996లో నన్ను ప్రశ్నించిన ఆ తల్లికి, నేను అప్పుడే చెప్పి ఉంటే, కాన్పుకు ముందు అన్ని పరీక్షలూ అందుబాటులో ఉండేవని చెప్పలేను. ఆ రోజులలో మన ప్రాంతానికి అవి రాలేదు. కాని ఆమెకు కనీసం తెలిసి ఉండేది. కొడుకు నడక తడబడిన మొదటి రోజునే ఎక్కడికి వెళ్ళాలో ఎరిగి ఉండేది. రెండేళ్ళపాటు తాయెత్తులకు, టానిక్కులకు, మర్దనలకు తిరిగి ఉండేది కాదు. నేడు పరీక్షలు కూడా ఉన్నాయి. నాకు అప్పుడు లేని సాకు, ఇప్పుడు మీకు అసలే లేదు.